ఫోను కొనే ముందు

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇల్లు మారుతుంది, బడి మారుతుంది. నంబరు మాత్రం మార్చక్కరలేదు. 2015 జూలై నుంచి వేరే రాష్ట్రానికి వెళ్లినా పాత నంబరే ఉంచుకోవచ్చు.

జంషెడ్‌పూర్ వచ్చిన కొత్తలో సాక్చి బజారులో మేము కెమెరా ఒక్కటే చూసి ఫోను కొన్నాం. రెండు నెలలకే మెమరీ నిండింది. పెట్టె మీద 64 జీబీ అని ఉన్నా, అందులో కొంత సాఫ్ట్‌వేరే తినేస్తుంది!

కాబట్టి ఎవరికోసం కొంటున్నామో ముందు చూడాలి. నాన్నగారి ఆఫీసు పనికైతే రెండు సిమ్‌లు, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ. అమ్మ ఇంట్లో కుట్టు పనో పచ్చళ్లో అమ్ముతుంటే మంచి కెమెరా, యూపీఐ సాఫీగా నడిచే ఫోను. ఊళ్లోని అమ్మమ్మకైతే పెద్ద అక్షరాలు, గట్టి స్పీకరు, తెలుగు మెనూ. ఇంగ్లీషు అక్షరాల్లో మీరు పంపే తెలుగు ఆవిడ చదవలేదు. మీ ఫోనులోనూ తెలుగు కీబోర్డు పెట్టుకోండి. గుణింతాలు తడబడితే మైకు నొక్కి మాట్లాడండి, తెలుగులోనే టైపవుతుంది. తప్పులుంటాయి, దిద్దుకోవాలి.

డబ్బు కట్టే ముందు స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కండి. కనిపించే 15 అంకెల ఐఎంఈఐ నంబరు పెట్టె మీదా, బిల్లు మీదా అదే ఉండాలి. రేపు వెళ్లే ఊళ్లో సర్వీసు సెంటరువాళ్లు ఆ బిల్లే అడుగుతారు. మేమైతే దాన్ని పిల్లల టీసీలున్న ఫైల్లోనే పెడతాం.