కణద్వారమున కావలి

వేసవిలో సిద్దిపేట జిల్లా ఎర్రవల్లి వంటి పల్లెలలో మామిడికాయ తొక్కు పెట్టుట ఆచారము. ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో ఉంచినచో మరునాటికి నీరు ఊరును. ఆ నీటిని ఎవరును పోయలేదు, అది ముక్కలలోనిదే. వెలుపల ఉప్పు గాఢత హెచ్చుటచే కణములలోని నీరు త్వచమును దాటి బయటికి వచ్చినది. దీనినే ద్రవాభిసరణమందురు.

ప్రతి జీవకణమునకు చుట్టును ఇట్టి త్వచమొకటి కలదు. దాని మందము మిల్లీమీటరులో లక్షవ వంతుకన్న తక్కువ. కొవ్వుజాతి అణువులు రెండు వరుసలుగా అమరుటచే అది ఏర్పడినది. ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువు దానిని సులభముగా దాటగలవు. ఉప్పులోని సోడియము గాని, చక్కెర గాని అట్లు దాటజాలవు; వానికి మాంసకృత్తులతో నిర్మితమైన ప్రత్యేక ద్వారములు కావలెను.

పల్లమునకు నీరు తానే పారును. మెరకకు ఎక్కించుటకు ఏతము కావలెను. కణమునందును అంతే. సోడియము వెలుపల హెచ్చు. పొటాసియము లోపల హెచ్చు. ఈ భేదము నిలువనిచో నరము స్పందింపదు, గుండె కొట్టుకొనదు. దీనిని నిలుపు ఏతమును 1957లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ కనుగొనెను. 1997లో నోబెల్ బహుమానమందెను. అది ఒక్కొక్క తూరి మూడు సోడియము అయాన్లను వెలుపలికి తోడి, రెండు పొటాసియము అయాన్లను లోనికి చేర్చును. అందుకు వలయు శక్తి ఏ.టి.పి. అను పదార్థమునుండి లభించును. ఆ పదార్థమును 1929లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కేతో కలసి వెలికి తీసినవాడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో లోమన్ కూడ అదే యేట దానిని వేరుగా కనుగొనెను.

కణద్వారముల జ్ఞానము లక్షల ప్రాణములను నిలిపినది. కలరా సోకినపుడు ప్రేగుల కణములనుండి ఉప్పును నీరును ధారగా వెలువడును. ఉత్త నీరు త్రాగించిన చాలదు. అయితే గ్లూకోజు అను చక్కెరను, సోడియమును జంటగా లోనికి కొనిపోవు ద్వారము అప్పుడును చెడక యుండును. ఆ రెండును పోయిన వెంట నీరును పోవును. ఈ జంటను గూర్చి 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించెను. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బనగావ్ శిబిరమున సెలైను నిల్వలు తరిగిపోగా, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించెను. నూటికి 30 వరకునున్న మరణములు 4కు లోపుగా తగ్గినవి.

బిడ్డకు నీళ్ళ విరేచనములైనపుడు ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలగొట్టిన ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. ఉప్పు హెచ్చినచో కీడు; జాడీలోని ముక్కలనుండివలె శరీరకణములనుండియు నీరు వెలికి వచ్చును. బిడ్డ మగతగానున్నను, త్రాగలేకున్నను తక్షణమే వైద్యశాలకు కొనిపోవలెను. విద్యార్థి ఈ కొలతను కంఠస్థము చేయుటతో తృప్తిపడరాదు. అందులో చక్కెర యెందుకో, ఉప్పు యెందుకో ఇంటివారికి విడమరచి చెప్పగలిగిననాడే ఉపాధ్యాయుని పాఠము ఇల్లు చేరినట్లు.