కొత్త ల్యాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ పనిచేయడం లేదా? వెనక్కి పంపే ముందు ఇవి చూడండి

అండమాన్‌లోని శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) నుంచి చెన్నై సుమారు 1,370 కిలోమీటర్ల దూరం. అక్కడ కొన్న కొత్త ల్యాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ స్పందించకపోతే, రిపేరుకు పంపి తెప్పించుకోవడానికి చాలా రోజులు పట్టొచ్చు. అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: లోపం సెట్టింగ్స్‌లో ఉందా, పరికరంలో ఉందా?

టచ్‌ప్యాడ్ గుర్తించేది వేలి ఒత్తిడిని కాదు. వేలు తాకినప్పుడు విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును. తడి, చెమట ఉంటే అది తికమకపడుతుంది. ఉక్కపోత ఎక్కువగా ఉండే దీవుల్లో మొదట చేతులు, ప్యాడ్ పొడిగా తుడవాలి.

తర్వాత కీబోర్డు పై వరుస చూడాలి. చాలా మోడళ్లలో టచ్‌ప్యాడ్ బొమ్మ ఉన్న కీ ఉంటుంది. పొరపాటున దాన్ని నొక్కితే ప్యాడ్ ఆగిపోతుంది.

అదీ కాకపోతే యూఎస్‌బీ మౌస్ పెట్టి, విండోస్ 11 సెట్టింగ్స్‌లో 'బ్లూటూత్ అండ్ డివైసెస్'లోకి వెళ్లి, 'టచ్‌ప్యాడ్' ఆన్‌లో ఉందో లేదో చూడాలి. ఉన్నా పనిచేయకపోతే తయారీ సంస్థ వెబ్‌సైట్ నుంచి డ్రైవర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. 2020 ఆగస్టులో చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక దీవుల్లో డౌన్‌లోడ్లు సులువయ్యాయి. విడిభాగాలు మాత్రం ఓడలోనో, విమానంలోనో రావాల్సిందే.

చివరి పరీక్ష బయోస్. మౌస్‌తో నడిచే బయోస్‌లో టచ్‌ప్యాడ్‌తో కర్సర్ కదిలితే పరికరం బాగున్నట్లే, చిక్కు విండోస్‌లో ఉంది. అక్కడా కదలకపోతే హార్డ్‌వేర్ లోపాన్ని అనుమానించాలి. అప్పుడు ల్యాప్‌టాప్‌ను సొంతంగా విప్పకుండా, వీడియో తీసి, రిటర్న్ గడువులోపే ఫిర్యాదు నమోదు చేయడం మేలు. గడువు దాటితే మిగిలేది వారంటీ కింద మరమ్మతే.