ఒలింపిక్స్ లూజ్‌కు అర్హత ఎలా? ఒక్క రేసు గెలిస్తే చాలదు

మంచు గడ్డకట్టించిన సన్నని కాలువలాంటి ట్రాక్. దాని మీద చిన్న స్లెడ్. క్రీడాకారుడు వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు చాపి, గంటకు 130 కిలోమీటర్లకు పైగా వేగంతో కిందికి దూసుకుపోతాడు. బ్రేకులు ఉండవు, స్టీరింగూ ఉండదు. పిక్కలతో, భుజాలతో స్లెడ్‌ను నొక్కుతూ మలుపులు దాటాలి. ఇదే లూజ్. 1964 ఇన్స్‌బ్రక్ క్రీడల నుంచి వింటర్ ఒలింపిక్స్‌లో ఉంది. పేరు లూజే గానీ, ఇందులో చోటు దక్కించుకోవడానికి పెట్టిన నిబంధనలు మాత్రం చాలా టైట్.

ఒక రోజు పరీక్ష కాదు

చాలామంది అనుకున్నట్టు ఒకే ఒక్క అర్హత పోటీ పెట్టి, అందులో నెగ్గినవాళ్లను ఒలింపిక్స్‌కు పంపించరు. అంతర్జాతీయ లూజ్ సమాఖ్య నిర్వహించే వరల్డ్ కప్ రేసులే ఇక్కడ అసలు పరీక్ష. ఒలింపిక్స్‌కు ముందు సీజన్‌లో ఒక్కో వారం ఒక్కో ట్రాక్ మీద ఈ రేసులు జరుగుతాయి. మొదటి స్థానానికి 100 పాయింట్లు, రెండో స్థానానికి 85, మూడో స్థానానికి 70 ఇస్తారు. ఆ తర్వాతి స్థానాలకు పాయింట్లు తగ్గుతూ పోతాయి. సీజన్‌లో కూడబెట్టిన పాయింట్లను బట్టి ర్యాంకింగ్ తయారవుతుంది, ఆ వరుసలోనే బెర్తులు ఇస్తారు.

అయితే వరల్డ్ కప్ రేసులో దిగడం కూడా అందరికీ నేరుగా కుదరదు. ర్యాంకుల్లో వెనక ఉన్నవాళ్లు ముందుగా నేషన్స్ కప్ అనే రేసులో పోటీపడాలి. అక్కడ మెరుగ్గా రాణిస్తేనే ఆ వారం అసలు రేసులోకి ప్రవేశం.

దేశానికి ఎన్ని చోట్లు?

2022 బీజింగ్ క్రీడలనే తీసుకుందాం. లూజ్‌కు మొత్తం 106 చోట్లు కేటాయించారు. పురుషుల సింగిల్స్‌కు 35, మహిళల సింగిల్స్‌కు 35, ఇద్దరేసి కూర్చునే డబుల్స్‌కు 18 స్లెడ్లు. ఒక్కో దేశం నుంచి గరిష్ఠంగా ముగ్గురు పురుషులు, ముగ్గురు మహిళలు, రెండు డబుల్స్ జట్లు, అంటే పది మందికి మించి వెళ్లకూడదు.

ఈ పరిమితి వల్ల ఒక విచిత్రం జరుగుతుంది. జర్మనీ లాంటి బలమైన దేశంలో నాలుగో స్థానంలో ఉన్న ఆటగాడు ప్రపంచంలోనే మేటి అయినా ఇంట్లో కూర్చోవాల్సిందే. ఆ చోటు ర్యాంకింగ్‌లో అతని కంటే కింద ఉన్న మరో దేశం ఆటగాడికి వెళుతుంది. ఏదైనా దేశం తనకొచ్చిన చోటు వద్దనుకుంటే అది వరుసలో తర్వాత ఉన్నవాళ్లకు దక్కుతుంది.

2014 సోచి నుంచి టీమ్ రిలే కూడా మొదలైంది. అందులో పాల్గొనాలంటే దేశానికి అన్ని విభాగాల్లోనూ స్లెడ్ ఉండాలి. ఒక్క విభాగం తక్కువైన దేశాలను దృష్టిలో పెట్టుకుని కొన్ని చోట్లు పక్కన పెడతారు.

ఇంత కఠినం ఎందుకు?

2010 ఫిబ్రవరి 12. వాంకూవర్ క్రీడల ప్రారంభోత్సవం రోజే విస్లర్ ట్రాక్ మీద ప్రాక్టీస్ చేస్తూ జార్జియాకు చెందిన నోదార్ కుమరితష్విలి అదుపుతప్పి ఉక్కు స్తంభానికి ఢీకొని చనిపోయాడు. వయసు 21 ఏళ్లే. అతను వరల్డ్ కప్ రేసులు ఆడి, అర్హత సాధించి వచ్చినవాడే. ఆ ప్రమాదం తర్వాత వేగం తగ్గించడానికి పురుషుల రేసును మహిళల స్టార్టింగ్ పాయింట్ నుంచి మొదలుపెట్టారు. అనుభవం ఉన్నవాళ్లకే ఇంత ప్రమాదమైతే, లేనివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అందుకే నిర్ణీత సంఖ్యలో అంతర్జాతీయ రేసుల్లో పాల్గొని ఉండాలన్న షరతు. ఎవరు వేగంగా వెళ్తారన్నదే కాదు, ఎవరు క్షేమంగా కిందికి దిగగలరన్నది కూడా ఇక్కడ ముఖ్యం.

మంచు ట్రాక్ లేని దేశం నుంచి ఆరుసార్లు

ఈ నిబంధనల అసలు బరువు తెలియాలంటే శివ కేశవన్ కథ చూడాలి. హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలి దగ్గర పెరిగిన ఆయన 16 ఏళ్ల వయసులో 1998 నగానో క్రీడల్లో దిగారు. అక్కడి నుంచి 2018 ప్యాంగ్‌చాంగ్ వరకు వరుసగా ఆరు ఒలింపిక్స్. మన దేశంలో ఒలింపిక్ స్థాయి లూజ్ ట్రాక్ ఒక్కటి కూడా లేదు. స్లెడ్‌కు చక్రాలు బిగించి, హిమాలయాల ఘాట్ రోడ్ల మీద, లారీలు, గొర్రెల మందల మధ్య నుంచి జారుతూ ఆయన సాధన చేశారు. పాయింట్ల కోసం మాత్రం ప్రతి సీజన్‌లో విదేశాలకు వెళ్లాల్సిందే. విమాన టికెట్లు, స్లెడ్, కోచ్, ట్రాక్ ఫీజు, అన్నీ ఖర్చే. అందుకోసం జనం దగ్గర విరాళాలు కూడా సేకరించాల్సి వచ్చింది.

2014లో మరో దెబ్బ. భారత ఒలింపిక్ సంఘం సస్పెన్షన్‌లో ఉండటంతో, సొంతంగా అర్హత సాధించి కూడా ఆయన మువ్వన్నెల జెండా కింద కాకుండా ఒలింపిక్ జెండా కింద పోటీపడాల్సి వచ్చింది. ఆయన రేసు ముగిసిన రెండు రోజులకే సస్పెన్షన్ ఎత్తేశారు. 2020లో ఆయనకు అర్జున అవార్డు దక్కింది.

ఆరు ఒలింపిక్స్‌లో కేశవన్‌కు పతకం రాలేదు. అత్యుత్తమ స్థానం 2006 టురిన్‌లో 25. పతకాల పట్టికలో ఆ అంకె ఎక్కడా కనిపించదు. కానీ మంచు ట్రాకులున్న దేశాల వాళ్లతో సీజన్ల తరబడి పోటీపడి పాయింట్లు కూడబెడితేనే ఆ స్టార్టింగ్ గేటు దాకా చేరుకోగలరు. ఆయన తప్పుకున్నాక 2022 బీజింగ్ లూజ్‌లో భారతీయులెవరూ లేరు. ఆ క్రీడలకు మన దేశం నుంచి వెళ్లింది ఒక్కరే, కశ్మీర్‌కు చెందిన స్కీయర్ ఆరిఫ్ ఖాన్.