టెంక పారేయకండి, తేగల పాతర వేద్దాం

భాద్రపదంలో ఇళ్లకు వెళ్లి వచ్చిన మన పిల్లల సంచుల్లో తాటిపండ్లు తప్పకుండా ఉంటాయి. ఆనందపురం, పద్మనాభం వైపు వాళ్లయితే మరీను. పీచు చీకడం అయ్యాక టెంకలను గోడ అవతలికి విసిరేస్తాం. ఒక్కో పండులో సాధారణంగా రెండు మూడు టెంకలుంటాయి. అంటే రెండు మూడు తేగలు పారేసినట్టే! బడి నుంచి వచ్చాక రాత్రి భోజనం దాకా కడుపు ఎలా నకనకలాడుతుందో మనకు వేరే చెప్పాలా?

తాటి టెంక చిక్కుడు గింజలా వెంటనే పైకి మొలవదు. ముందు కిందికి దిగుతుంది. టెంకలోంచి గొట్టం లాంటి మొలక బయలుదేరి, అసలు మొక్కను తన కొనలో పెట్టుకుని నేల లోపలికి తీసుకుపోతుంది. టెంకలోని ఆహారం క్రమంగా కిందికి చేరి అక్కడ తేగగా ఊరుతుంది. టెంక ఎటు పడినా మొలక కిందికే తిరుగుతుంది. కాబట్టి కావలసింది లోతు, గుల్ల నేల.

ఈ సంగతి తెలియక మొదటిసారి పగిలిన ప్లాస్టిక్ టబ్బులో జానెడు మట్టి పోసి టెంకలు పెట్టాం. సంక్రాంతి సెలవుల ముందు తవ్వితే, అడుగు తగిలి జంతికల్లా చుట్టుకున్న తేగలు వచ్చాయి. నవ్వుకుంటూనే తిన్నాం.

తర్వాత పద్ధతి మార్చాం. పెరట్లో ఇసుక కలిసిన గుల్ల మట్టిని మోకాలు దాటే ఎత్తున గట్టుగా పోశాం. దానిపై టెంకలు దగ్గర దగ్గరగా పేర్చి, పల్చగా మట్టి కప్పి, తాటాకులు పరిచాం. స్థలం లేని ఇంట్లో పెద్ద గోనె బస్తా చాలు. అడుగున నీరు నిలవకూడదు. వానలు లేనప్పుడు తడి ఆరకుండా నీళ్లు చల్లాలి. జాలరిపేటలో ఇసుకకేం కొదవ అనుకోకండి. సముద్రపు ఇసుక ఉప్పు, పైగా కోతకు గురవుతున్న తీరం మనది. అక్కడి నుంచి తట్టెడు కూడా తేవద్దు.

ఇక అసలు ఓపిక. సెప్టెంబరులో వేస్తే తేగలు డిసెంబరు, జనవరి నెలలకు అందుతాయి. అంతకుముందే టెంక కొడితే లోపల తెల్లగా, మెత్తగా బుర్రగుంజు ఉంటుంది. తియ్యగా ఉంటుంది కానీ, అది తినేస్తే తేగ లేనట్టే. మా వాళ్లలో ఇద్దరు రోజుకొకటి చొప్పున దొంగచాటుగా కొట్టి తిన్నారు. పేర్లు రాయడం లేదు, వాళ్లకే తెలుసు. ఆలస్యం చేసినా కష్టమే. ఆకు పైకి వచ్చాక తేగ నార పడుతుంది.

తవ్వేటప్పుడు గట్టును పక్క నుంచి కూల్చాలి. పైనుంచి పారతో పొడిస్తే తేగలు విరుగుతాయి. తేగలను ఉడకబెట్టవచ్చు, తంపటి వేయవచ్చు. మా ఓటు తంపటికే. నిలువునా చీల్చితే మధ్యలో లేత మొలక కనిపిస్తుంది. చాలామంది దాన్ని చందమామ అంటారు. దాని కోసం మా గదిలో జరిగిన తగాదాలు వార్డెన్ గారి దాకా వెళ్లాయి.

ఒక్క మాట. తేగ తిన్నామంటే తాటిచెట్టును తిన్నట్టే. అందుకని కొన్ని టెంకలను చెట్టు కోసం వదలాలి. మొలిచాక తీసి మరోచోట నాటితే లోతుకు దిగిన వేరు తెగి మొక్క బతకడం కష్టం. చెట్టు ఎక్కడ ఉండాలో టెంకను అక్కడే పాతాలి. పూత రావడానికి పది పదిహేనేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పోతుతాడో పెంటితాడో అప్పటిదాకా తెలియదు. పోతుతాడైతే కాయలు రావు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి చెట్లను ఎలా పడగొట్టిందో అన్నయ్యలకు గుర్తుండే ఉంటుంది. మేం వెనక గోడ పక్కన మూడు టెంకలు పాతాం. రెండు మొలిచాయి. ఒక్కో దానికి ఈటెలాంటి ఒకే ఆకు ఉంది. గడ్డి అనుకుని పీకేస్తారని చుట్టూ రాళ్లు పెట్టాం. వార్షికోత్సవానికి వచ్చే అన్నయ్యలు షామియానా గుంజలు అటువైపు పాతకుండా చూడాలి.