ఇంజన్ ఆయిలు: ఏది ఎన్నుకొనవలెను, ఎన్నాళ్లకు మార్చవలెను?

విరుదునగర్ బజారులో నువ్వుల నూనె బేరమాడే వ్యాపారి రంగు చూచి, వాసన చూచి, ఒక చుక్క వేళ్ల మధ్య రుద్ది సరుకు నాణ్యతను చెప్పగలడు. ఇంజన్ ఆయిలు విషయంలో ఆ అనుభవం అక్కరకు రాదు. డీజిలు ఇంజనులో పోసిన ఆయిలు కొద్ది రోజులకే నల్లబడుతుంది. మసిని అడుగున పేరుకోనీయక తనలో నిలుపుకొనుట దాని విధి. నలుపు ఆ విధి నెరవేరుతున్నదనుటకు గుర్తే కాని చెడిపోయినదనుటకు కాదు. రంగును నమ్మి అవసరానికి ముందే మార్చినవారికి డబ్బు వృథా అవుతుంది. తేటగా ఉన్నదని గడువు దాటించినవారికి ఇంజనే దెబ్బతింటుంది. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్‌ల మీదుగా పోయే 44వ జాతీయ రహదారిపై వాహనం నడిపి జీవించే కుటుంబాలకు ఈ రెండూ భారమే.

డబ్బాపై అంకెల అర్థం

డబ్బాపై 5డబ్ల్యు-30, 20డబ్ల్యు-40 వంటి గుర్తులుంటాయి. ఇవి ఎస్.ఏ.ఇ. అనే సంస్థ నిర్ణయించిన చిక్కదనపు తరగతులు. డబ్ల్యు అక్షరం చలికాలాన్ని సూచిస్తుంది. దానికి ముందున్న అంకె ఎంత తక్కువైతే ఆయిలు అంత చలిలోనూ సులభంగా కదులుతుంది. చివరి అంకె 100 డిగ్రీల వేడి వద్ద మిగిలే చిక్కదనాన్ని తెలుపుతుంది.

20డబ్ల్యు రకాన్ని సున్నకు 15 డిగ్రీల దిగువన పరీక్షిస్తారు. అంతటి చలి ఈ కరిసల్ నేలకు ఎన్నడూ రాదు. కనుక గడ్డకట్టకుండుటకని ఇక్కడ సింథటిక్ ఆయిలు కొననక్కరలేదు. అయితే కొత్త కార్లకు తయారీదారు 0డబ్ల్యు-20 వంటి పలుచని ఆయిలును సూచించినప్పుడు, ఎండలు ఎక్కువని తలచి చిక్కని ఆయిలు పోయరాదు. ఆ ఇంజనులోని సందులు, ఆయిలు పంపు పలుచని ఆయిలుకు తగినట్లే అమర్చబడి ఉంటాయి. వాహనంతో ఇచ్చిన పుస్తకంలోని అంకెలే ప్రమాణం.

సింథటిక్ అనగా ఏమి?

సాధారణ ఆయిలు ముడి చమురును శుద్ధి చేయగా వస్తుంది. సింథటిక్ ఆయిలులో అణువులు దాదాపు ఒకే తీరుగా ఉండునట్లు రసాయన ప్రక్రియతో రూపొందిస్తారు. నేడు సింథటిక్ పేరుతో అమ్ముడయ్యే వాటిలో అధిక భాగం ముడి చమురునే హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధి చేసి తీసినవి. సెమీ సింథటిక్ అనునది ఈ రెండింటి మిశ్రమం.

దీని అసలు ప్రయోజనం వేడిలో తెలుస్తుంది. సింథటిక్ ఆయిలు తక్కువగా ఆవిరి అవుతుంది, త్వరగా జిగటగా మారదు. టర్బో ఉన్న కార్లకు, ఎండలో బరువుతో దూరాలు పోయే వ్యాన్లకు ఇది మేలు. పాత సాదా ఇంజనుకు పుస్తకం సాధారణ ఆయిలునే అనుమతిస్తే, నిర్ణీత గడువులో దానిని మార్చుచుండుటయే చాలును.

వాహనాన్ని బట్టి ఎంపిక

పెట్రోలు కార్లకు ఏ.పి.ఐ. గుర్తులో ఎస్‌తో మొదలయ్యే ఎస్.ఎన్., ఎస్.పి. వంటి తరగతులుంటాయి, డీజిలు వాహనాలకు సి.ఐ.-4, సి.కె.-4 వంటివి. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.-6 ప్రమాణపు డీజిలు కార్లలో మసిని పట్టే వడపోత ఉన్నది. దానికి బూడిద తక్కువగా మిగిల్చే ఆయిలే పోయవలెను. లేనిచో ఖరీదైన ఆ వడపోత మూసుకుపోతుంది.

మోటారు సైకిళ్లలో చాలావాటికి ఇంజను, గేర్లు, క్లచ్చి మూడూ ఒకే ఆయిలులో మునిగి ఉంటాయి. కారు ఆయిలు పోస్తే క్లచ్చి జారవచ్చును. డబ్బాపై జాసో ఎం.ఏ. లేక ఎం.ఏ.-2 అని ఉన్నదా అని చూడవలెను. గేరులేని స్కూటర్లకు ఎం.బి. రకం సరిపోతుంది.

ఎన్నాళ్లకు మార్చవలెను?

పుస్తకంలో గడువు రెండు విధాలుగా ఉంటుంది: ఇన్ని కిలోమీటర్లు లేక ఇన్ని నెలలు, ఏది ముందైతే అది. 10,000 కిలోమీటర్లు లేక ఒక సంవత్సరం అని వ్రాసి ఉన్నదనుకొనవచ్చును. కోవిల్‌పట్టి నుండి విరుదునగర్‌కు సుమారు 50 కిలోమీటర్లు. రోజూ పోయి వచ్చే ఉద్యోగి నెలకు 25 దినాల్లో 2,500 కిలోమీటర్లు నడుపుతాడు. నాలుగు నెలలకే మార్పు అవసరం. ఇంటి నుండి దుకాణానికి రోజుకు నాలుగు కిలోమీటర్లే నడిపే కారు ఏడాదికి 1,500 కిలోమీటర్లు దాటదు. అయినను సంవత్సరాంతమున ఆయిలు మార్చవలసినదే.

చిత్రమేమనగా, ఈ రెండవ కారు ఆయిలుకే కష్టమెక్కువ. ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోవుటచే తేమ, ఇంధనపు చుక్కలు ఆయిలులోనే మిగిలిపోతాయి. బి.ఎస్.-6 డీజిలు కారులో డిప్‌స్టిక్‌పై మట్టం తగ్గుటకు మారుగా పెరిగినచో డీజిలు కలిసినదని అనుమానించి వెంటనే వర్క్‌షాపులో చూపవలెను.

దుమ్ము దారులు, అధిక బరువు, రద్దీలో గంటల తరబడి ఆగుట, ఇవన్నీ కఠిన వాడుక కిందకు వస్తాయి. వీటికి పుస్తకంలో వేరుగా చెప్పిన తక్కువ గడువును పాటించవలెను. సింథటిక్ పోసినంత మాత్రాన గడువు పొడిగించరాదు. గాలితో లోనికి చేరే దుమ్మును ఏ ఆయిలూ ఆపలేదు. ఆ పని ఎయిర్ ఫిల్టరుది. ఆయిలుతోపాటు ఆయిలు ఫిల్టరునూ మార్చవలెను.

ఖర్చు తేల్చుకొనుటకు ధరను కిలోమీటర్లతో భాగించిన చాలును. ఉదాహరణకు ఒక రకం రూ. 1,600, మరొకటి రూ. 3,200 అయి, రెండింటికీ గడువు 10,000 కిలోమీటర్లే అయితే, కిలోమీటరుకు 16 పైసలు, 32 పైసలు పడుతుంది. ఆ తేడా ఇంజనుకు అవసరమైనదా, కేవలం పేరు కొరకా అని యజమాని ఆలోచించుకొనవలెను.

కొనునప్పుడు సీలు, తయారీ తేదీ చూచి రసీదు తీసుకొనవలెను. ఖాళీ డబ్బాకు రంధ్రం చేసి పారవేసినచో నకిలీ ఆయిలు నింపుటకు అది పనికిరాదు.

పాత ఆయిలు ఎక్కడికి?

తీసిన ఆయిలులో లోహపు పొడి, విషపదార్థాలు ఉంటాయి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు దీనికి వర్తిస్తాయి. కాలువలో, ఓడలో, ఖాళీ స్థలంలో పోయరాదు, చెదలకని తలుపులకు పూయరాదు, పొయ్యిలో మండించరాదు. తామ్రపర్ణి నుండి గొట్టాల ద్వారా తాగునీరు తెచ్చుకొనవలసిన ప్రాంతంలో, ఉన్న బావులను, చెరువులను చెడగొట్టుకొనుట తగదు.

ఇంటివద్ద ఆయిలు మార్చుకొనేవారు దానిని మూతగల డబ్బాలో పట్టి, నీరు కాని పెట్రోలు కాని కలపక, అనుమతి పొందిన పునశ్శుద్ధి కేంద్రాలకు పంపే వర్క్‌షాపులో అప్పగించవలెను. శుద్ధి చేసిన పాత ఆయిలు మరల మూల ఆయిలుగా ఉపయోగపడుతుంది. మార్చిన తేదీని, మీటరు అంకెను ఒక చీటీపై వ్రాసి బండిలో అంటించుకొన్నవారికి తదుపరి మార్పు ఎప్పుడో ఎవరినీ అడుగనక్కరలేదు.