మూత్రపిండంలో గాలి... పట్టిచ్చే సీటీ స్కాన్

నీళ్లకు సున్న. గాలికి మైనస్ 1000. సీటీ స్కాన్ యంత్రం మన శరీరాన్ని చదివేది ఈ లెక్కతోనే. యంత్రాన్ని రూపొందించిన బ్రిటన్ ఇంజినీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరే ఈ కొలతకూ పెట్టారు. అలన్ కార్మాక్‌తో కలిసి ఆయన 1979లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

మూత్రపిండం కండలో గాలి ఉండకూడదు. 'ఎంఫిసెమాటస్ పైలోనెఫ్రైటిస్' అనే అరుదైన జబ్బులో మాత్రం ఉంటుంది. షుగరు అదుపులో లేనివారికి, వారిలోనూ స్త్రీలకు ఇది ఎక్కువగా వస్తుంది. ఈ.కోలై వంటి బ్యాక్టీరియా అక్కడ చేరి గ్లూకోజును పులియబెడుతుంది. దోసెల పిండి పులిసి పొంగినట్టే ఇక్కడా వాయువులు పుడతాయి. కణజాలం చచ్చిపోతుంది. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు.

చిక్కేమిటంటే, పైకి కనిపించేవి మామూలు మూత్ర ఇన్‌ఫెక్షన్ లక్షణాలే: చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు. అల్ట్రాసౌండ్‌లో ఈ వాయువును పేగుల్లోని గాలిగానో, రాయిగానో పొరబడవచ్చు. సీటీలో నల్లటి బుడగలు స్పష్టంగా తెలుస్తాయి. ఎంతవరకు పాకాయో కూడా తెలుస్తుంది. దాని ఆధారంగానే 2000లో తైవాన్ వైద్యులు హువాంగ్, సెంగ్ ఈ జబ్బును తరగతులుగా విభజించారు. ఒకప్పుడు మూత్రపిండాన్ని తీసేయడమే ప్రధాన చికిత్స. ఇప్పుడు చాలామందికి యాంటీబయోటిక్స్ ఇచ్చి, సన్నని గొట్టంతో చీము, గాలి బయటకు తీసి దాన్ని కాపాడుతున్నారు.

ఇంట్లో షుగరున్న అమ్మమ్మకో నాన్నకో జ్వరంతోపాటు నడుం నొప్పి వస్తే 'రేపు చూద్దాంలే' అననివ్వకండి. మీ ఊరి డాక్టరుకు తెలుగు రాకపోతే, కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో మీరే ముందు చెప్పండి: 'షుగరు ఉంది' అని.