ఫైర్‌వాల్ చేతి ముద్ర

గుత్తి కోట గోడలు కొండ నంటి ఎంత దిట్టముగా నిలిచినను వాటికి ద్వారములు ఉండక తప్పలేదు. ద్వారము వద్దకు ఒక దూత లేఖ తెచ్చెననుకొందము. అది మిత్రుడు పంపినదా, శత్రువు పంపినదా? కావలివాడు దూత మాటను నమ్మడు. లేఖపై ముద్రను చూచును.

కంప్యూటర్ల వలయమునకు అట్టి కావలివాడే ఫైర్‌వాల్. గుత్తిలోని ఒక బ్యాంకు శాఖ, అనంతపురములోని కార్యాలయముతో ఇంటర్నెట్ మీదుగా రహస్యముగా మాటలాడవలెననుకొందము. రెండు చోట్ల నున్న ఫైర్‌వాళ్లు ముందుగా ఒకదాని నొకటి గుర్తింపవలెను. అందుకు ఉపయోగించు ముద్రయే డిజిటల్ సర్టిఫికెట్టు.

దీనికి ఆధారము తాళపుచెవుల జంట. ఒకటి రహస్యము, రెండవది బహిరంగము. రహస్యపు చెవితో చేసిన సంతకమును బహిరంగపు చెవితో ఎవరైనను సరిచూడవచ్చును. కాని బహిరంగపు చెవితో ఆ సంతకమును చేయలేరు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అను మువ్వురు కనుగొన్న పద్ధతి ఇట్టిది. 83ను 97తో గుణించిన 8051 వచ్చునని విద్యార్థి వెంటనే చెప్పగలడు. 8051కి కారణాంకములు చెప్పుమన్నచో కొంతసేపు తడుముకొనును. 2048 బిట్ల చెవిలో ఆ లబ్ధము సుమారు 617 అంకెల సంఖ్య. దాని కారణాంకములను కనుగొనుట నేటి కంప్యూటర్లకు సాధ్యము కాదు.

అయితే ఈ బహిరంగపు చెవి గుత్తి ఫైర్‌వాల్‌దేనని చెప్పువా రెవరు? ధ్రువీకరణ సంస్థ. మన దేశములో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము క్రింద ఒక కంట్రోలరు ఇట్టి సంస్థలకు లైసెన్సు లిచ్చును. 1996లో రిజర్వు బ్యాంకు హైదరాబాదులో నెలకొల్పిన ఐ.డి.ఆర్.బి.టి. అట్టి లైసెన్సు పొందినది.

ఫైర్‌వాల్ నేరుగా ఆ సంస్థ యంత్రమును చేరలేనప్పుడు పని చేతితో జరుపుదురు. ముందుగా ఫైర్‌వాల్ గడియారమును సరిచేయవలెను; తేదీ తప్పినచో మంచి సర్టిఫికెట్టు కూడ చెల్లనిదిగా కనబడును. తరువాత చెవుల జంటను ఫైర్‌వాల్‌లోనే పుట్టింతురు. దాని పేరు, బహిరంగపు చెవి చేర్చి ఒక అర్జీ తయారగును. ఆ అర్జీని మాత్రమే సంస్థకు పంపుదురు. సంస్థ విచారించి, సంతకము చేసి, సర్టిఫికెట్టు నిచ్చును. సంస్థ సొంత సర్టిఫికెట్టును మొదట ఫైర్‌వాల్‌లో చేర్చి, పిదప ఫైర్‌వాల్ సర్టిఫికెట్టును చేర్చుదురు. సంస్థ సర్టిఫికెట్టు నిజమైనదో కాదో దాని వేలిముద్ర వంటి సంఖ్యను టెలిఫోనులో చదివించుకొని పోల్చవలెను. లేనిచో నకిలీ సంస్థనే నమ్మినట్లగును.

ఇందులో గమనింపవలసినది ఒక్కటే: రహస్యపు చెవి ఫైర్‌వాల్‌ను దాటి ఎక్కడికిని పోలేదు. సౌకర్యమునకై దానిని మరొక కంప్యూటరులో పుట్టించి ఉత్తరములో పంపినచో, దారిలో దానిని కాజేసినవాడు గుత్తి శాఖ పేర సంతకము చేయగలడు.

సంస్థ కూడ పొరబడవచ్చును. 2014 జూలైలో, ప్రభుత్వ సంస్థయగు ఎన్.ఐ.సి. ధ్రువీకరణ వ్యవస్థనుండి గూగుల్ పేర్లకు అనధికార సర్టిఫికెట్లు వెలువడినట్లు తెలిసెను. కంట్రోలరు వాటికి ఆధారమైన ఎన్.ఐ.సి. సర్టిఫికెట్లను రద్దు చేసెను. కావుననే రద్దయిన వాటి పట్టికను ఫైర్‌వాల్ ఎప్పటికప్పుడు చూచుచుండవలెను. గడువు తీరకముందే కొత్త సర్టిఫికెట్టును కూడ తెచ్చుకొనవలెను. చేతితో పెట్టినదానిని జ్ఞాపకము చేయువారు ఉండకపోవచ్చును.

పాఠశాలలో ఇంటర్నెట్ ఉన్నచో ఉపాధ్యాయుడు బ్రౌజరులో ఏదేని బ్యాంకు పుటను తెరచి, దాని సర్టిఫికెట్టును విద్యార్థులకు చూపవచ్చును. అది ఎవరి పేరనున్నది, ఎవరు సంతకము చేసిరి, ఏ తేదీ వరకు చెల్లును అను మూడు ప్రశ్నలకు జవాబులు అందులోనే దొరకును.